మందుగడ్డి

బర్రె కాళ్ళకు తాడు వేసి పడగొట్టింది గుండ్లవాయి కూలీలు. కోసింది ఫారం మనుషులు. పడగొట్టిన వాళ్ళవి వట్టి చేతులు. కోసిన వాళ్ళకు మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, ముక్కులకు గుడ్డలు.

బర్రె కట్టమ్మది. దాని తల ఒళ్ళో పెట్టుకొని ఆమె నేల మీద చతికిలబడి ఉంది. తాడు కొస పట్టుకున్నవాడు ఆమె మొగుడు ఉప్పలయ్య. రంగారావు దొర దగ్గర ముప్పై ఏళ్ళుగా జీతమున్న మనిషి. దొర పట్టుకోమన్నాడు, పట్టుకున్నాడు. కట్టమ్మ మొగుడి మొహం చూడలేదు.

"పాలిచ్చే బర్రె దొరా! పొద్దుగాల్నే శేరు పాలు పిండిన. దీనికేం రోగం లేదు దొరా!"

గడి అనే తన కోటలాంటి ఇంటి ముందర కుర్చీలో కూర్చున్న దొర విసుక్కున్నాడు. "రోగమున్నదో లేదో డాక్టర్ సారుకెరుక. ఇంకో బర్రెను తోలిస్త లేవే. ఊకో ఇగ."

కత్తి దిగింది. నెత్తురు కట్టమ్మ చీర మీదికి చిమ్మింది. తొడుగుల మనుషులు తొడ ఎముక విరిచారు, కాలేయం తీశారు, పొదుగు కోశారు. ఒక్కొక్క ముక్క ఒక్కొక్క సీసాలోకి పోయింది. మిగిలిన మాంసం ఎవరూ ముట్టొద్దని చెప్పి గోతిలో వేయించి సున్నం చల్లించారు. గోతిలోకి ఈడ్చింది మళ్ళీ వట్టి చేతుల వాళ్ళే.

సీసాల మీద అంటించే చీటీలు రాస్తున్నది అనసూర్య.

వరంగల్ కొత్తవాడ మగ్గాల సందులో పుట్టిన పిల్ల ఆమె. తండ్రి మార్కండేయులు మిల్లు కార్మికుడు. సమ్మెలో ఉద్యోగం పోయాక ఇంట్లో మగ్గం మీద జంపఖానాలు నేస్తున్నాడు. అనసూర్య స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసింది. నెక్కొండకు ఐదు మైళ్ళ దూరంలో, ఈ గుండ్లవాయిలోనే, దొర భూమిలో ఇరవై ఎకరాలు కౌలుకు తీసుకొని ఒక పరిశోధన సంస్థ ముళ్ళకంచె కట్టింది. ఊళ్ళో దాన్ని మందుల ఫారం అంటారు. ఆ సంస్థ హన్మకొండ ఆఫీసులో రెండేళ్ళుగా లెక్కలు కట్టడం అనసూర్య పని. రోజూ జీపులో ఊరికి వచ్చే గుమాస్తాకు జ్వరం వచ్చింది గనక ఆ రోజు ఆమెను పంపారు. లేకపోతే ఆమె ఎప్పటికీ గుండ్లవాయిని చూసేది కాదు.

ఆమె కట్టే లెక్క ఇది. మట్టిలో సీజియం, స్ట్రాన్షియం అనే రేడియోధార్మిక పదార్థాలు కలుపుతారు. మట్టి నుంచి గడ్డిలోకి ఎంత పోయింది, గడ్డి నుంచి పశువులోకి ఎంత, పశువు నుంచి పాలలోకి ఎంత, ఎన్నాళ్ళకు ఎంత తగ్గింది. కాగితం మీద డబ్బాలు గీసి, డబ్బా నుంచి డబ్బాకు బాణాలు గీసి, ఒక్కొక్క బాణం మీద ఒక భిన్నం వేస్తారు. ఆ భిన్నాలను తేల్చడానికి ఆమె చేత్తో తిప్పే లెక్కల మిషను ముందు పొద్దుటినుంచి సాయంత్రం దాకా కూర్చునేది. ఆ పని ఆమెకు నచ్చేది. చెల్లాచెదురుగా ఉన్న చుక్కల మధ్యనుంచి ఒక గీత పోతుంటే ముచ్చటగా ఉండేది.

చివరి డబ్బా పేరు హెచ్. హెచ్-ఒకటి నుంచి హెచ్-నలభై ఒకటి దాకా. హెచ్ అంటే హీఫర్, పడ్డ దూడ అని ఆమె అనుకుంది. ఒకసారి హెచ్-పదిహేడు బరువు ఏడు కిలోలని వచ్చింది. ఏ దూడా పుట్టినప్పుడు కూడా అంత తక్కువ తూగదు. "అంకె తప్పొచ్చిందండీ" అని సూపర్‌వైజర్ రామలింగాన్ని అడిగింది. "వచ్చింది రాసుకో" అన్నాడతను. రాసుకుంది.

బర్రె పని అయిపోయాక, అదే గడి ముందర, కూలీల వాడ ఆడవాళ్ళు పిల్లలతో వరుసకట్టి నిలబడ్డారు. నెలకొకసారి జరిగే ఆరోగ్య శిబిరం అట. మాత్రలు ఊరికే ఇస్తారు, బదులుగా ఒక్కొక్కరి ఉచ్చ ఒక్కొక్క బుడ్డిలో పట్టుకుంటారు. పిల్లల్ని గుడ్డ ఊయలలో వేసి కొక్కెం త్రాసుకు తగిలిస్తారు. కట్టమ్మ బిడ్డ మొగిలమ్మ తన రెండేళ్ళ పసిదాన్ని ఊయలలో వేసింది. పిల్ల ఏడ్చింది.

రామలింగం ముల్లు చూసి అరిచాడు. "హెచ్ పదిహేడు! తొమ్మిది కిలోల నాలుగు వందలు!"

అనసూర్య కలం ఆగిపోయింది.

"రాయవేం?" అన్నాడు రామలింగం.

ఆమె రాసింది. తన చేయి రాస్తుంటే తనే చూసింది. ఆ తర్వాత చాలా కాలం ఆమెకు అదే గుర్తొచ్చేది. తెలిసిన తర్వాత కూడా తాను ఆ అంకె రాసింది.

*

తిరుగు దారిలో జీపు ముందు సీట్లో డైరెక్టర్ డాక్టర్ వెంకటేశ్వర్లు కూర్చున్నాడు. మెత్తగా మాట్లాడే మనిషి. ఆఫీసులో ఎవరినీ కసిరింది లేదు.

"సార్, హెచ్ అంటే మనుషులా?"

"అవునమ్మా. తెలియదా?"

"ఫారంలో కోసిన గడ్డి గోతిలో పాతిపెట్టాలని రూల్ ఉంది కదా సార్. ఆ గడ్డి వాళ్ళ బర్రెలకు ఎట్లా పోయింది?"

"కరువు సంవత్సరం దొరగారు దయతలచి పంచారు. పంచుతున్నారని మాకు తర్వాత తెలిసింది. మనం ఎవరికీ ఏమీ పెట్టలేదమ్మా. వాళ్ళు తింటున్నారు, మనం కొలుస్తున్నాం. కొలవడం నేరమా? అయినా చాలా తక్కువ మోతాదు. ఏమీ కాదు."

"ఏమీ కానప్పుడు వాళ్ళకు చెప్పొచ్చు కదా సార్?"

డాక్టర్ నవ్వాడు. తెలివైన విద్యార్థి తెలివితక్కువ ప్రశ్న వేసినప్పుడు నవ్వే నవ్వు. "చెబితే తినడం మానేస్తారు. మానేస్తే నీ గీత ఎక్కడినుంచి వస్తుంది?"

మర్నాడు ఆఫీసులో అందరూ భోజనాలకు వెళ్ళినప్పుడు అనసూర్య బీరువా తెరిచింది. హెచ్ అంకెల పక్కన పేర్లున్న రిజిస్టరు దొరికింది. ఆ కిందే ఒక ఉత్తరం నకలు. రెండేళ్ళ కిందటి తేదీ, కింద డాక్టర్ సంతకం. కోసిన గడ్డిని కూలీల పశువులకు పంచవలసిందిగా రంగారావు గారిని ఒప్పించామని, అందుకు బదులుగా ఆయన పొలంలో బోరు వేయిస్తున్నామని, దీనివల్ల అసలైన పరిస్థితుల్లో మనుషుల దాకా లెక్క దొరుకుతుందని అందులో ఉంది.

తర్వాత తెలియడం కాదు. వీళ్ళే పంచమన్నారు.

రిజిస్టరును, ఉత్తరాన్ని టిఫిను సంచిలో పెట్టుకొని ఆమె ఇంటికి నడిచింది. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని కూర్చున్న తండ్రికి అంతా చెప్పింది. మార్కండేయులు నాడె ఆపి విన్నాడు.

"రాయిచ్చింది వాళ్ళు. రాసింది ఎవరు బిడ్డా?"

"నేనే నాయినా."

"అయితే చెప్పుడు గూడ నువ్వే చెప్పాలె. కాయితం ఇంకొకని చేతికిచ్చి తప్పుకుంటనంటే కాదు. పోయి వాళ్ళ మొఖం ముంగట నిలవడి చెప్పు. కొడితే కొట్టనియ్యి."

*

గుండ్లవాయి నుంచి హన్మకొండకు వచ్చి చదువుకుంటున్న ఎల్లస్వామి విద్యార్థి సంఘంలో పనిచేస్తాడు. అనసూర్య అతన్ని వెతికి పట్టుకుంది. అతను రిజిస్టరు తిరగేశాడు. హెచ్-ఆరు దగ్గర అతని తల్లి పేరుంది. అతను చాలాసేపు ఆ పేజీ తిప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఊరి బయటి కల్లంలో వాడ మొత్తం కూడింది. అరవై, డెబ్బై మంది. ఎల్లస్వామి పేర్లు చదివాడు. పేరు వినబడ్డ వాళ్ళు ఒక్కొక్కరే తలెత్తారు. తర్వాత అనసూర్య లేచి నిలబడింది. మాటలు కూడదీసుకొని, తన ఇంటి భాషలోనే చెప్పింది.

"ఫారం మట్టిల ఒక మందు కలిపిన్రు. అది కంటికి కనవడదు, వాసన రాదు. గడ్డి వేరు దాన్ని తిండి అనుకొని గుంజుకుంటది. గడ్డి తిన్న బర్రె పాలల్లకొస్తది. పాలు తాగిన మనిషి కండలకు పోతది. ఆ మందుల ఇంకో రకం ఉన్నది, అది ఎముకలకు పోతది. సున్నం అనుకొని ఎముక దాన్ని పట్టుకుంటది, పట్టుకున్నంక విడువది. మీ బర్రెలల్ల ఎంత ఉన్నదో, మీ పిల్లలల్ల ఎంత ఉన్నదో రెండేండ్ల సంది వాళ్ళు లెక్క గడుతాన్రు. ఆ లెక్క గట్టింది నేను."

కట్టమ్మ గుంపులోంచి లేచి వచ్చింది. అనసూర్య ఎదుట నిలబడి చెంప మీద కొట్టింది. ఎల్లస్వామి అడ్డం రాబోయాడు. అనసూర్య వద్దన్నట్టు చేయెత్తింది.

"నా బర్రెను కోత్తాంటె చీటీలు రాసింది నువ్వే గదా?"

"నేనే పెద్దమ్మా."

"నా మనుమరాలికి ఏమైతది?"

"ఇయ్యాల ఏం గాదు. పదేండ్లకో, ఇరవై ఏండ్లకో నెత్తురు చెడిపోవచ్చు. ఎముకల పుండు పుట్టొచ్చు. పుట్టకపోవచ్చు గూడ."

"ఎవలెవలికి పుడుతది?"

"అది ఎవలు చెప్పలేరు. ఇంతమంది తాగితే ఇంతమందికి అని చెప్తది లెక్క. పేరు చెప్పది."

కట్టమ్మ ఆ మాటను నోట్లో నానబెట్టింది.

"అంటే ఇరవై ఏండ్లకు నా పిల్ల మంచంల వడితే, ఎవడు జేసిండో గూడ ఎవలు చెప్పరన్నట్టు. దేవుడు జేసిండంటరు. కర్మ అంటరు. అప్పటికి దొర ఉండడు, డాక్టర్ ఉండడు." ఆమె గుంపు వైపు తిరిగింది. "పేరు లేకుంట సంపుతాన్రు మనను. ఇరవై ఏండ్లకు ఎవని మీద పగ తీర్సుకుంటరు? తీర్సుకుంటె ఇయ్యాలనే తీర్సుకోవాలె."

"తగులవెడుదాం!" అని ఎవరో అరిచారు. "ఫారం తగులవెడుదాం! గడి తగులవెడుదాం!" కల్లం అంతా లేచింది. ఎల్లస్వామి పిడికిలి ఎత్తాడు. "పోదాం! ఇప్పుడే పోదాం!"

"కాలవెట్టొద్దు!" అనసూర్య గొంతు చించుకొని అరిచింది. "కాలేది గడ్డే! ఆ మందు కాలది! పొగల ఎక్కి, బూడిదల ఎక్కి మల్ల మీ వాడ మీదనే పడుతది!"

"ఇది ఫారపోళ్ళ మనిషే! వాళ్ళ ఫారం కాపాడుతాంది!"

నలుగురు ఆమెను తోసుకొని పోబోయారు. అప్పటిదాకా ఒక మూల గొంతుక్కూర్చున్న ఉప్పలయ్య మొదటిసారి నోరు తెరిచాడు. అతను పది మందిలో మాట్లాడగా ఆ ఊళ్ళో ఎవరూ వినలేదు.

"ఆ పిల్ల చెప్పేది నిజమే. దొర తన బర్రెలకు ఆ గడ్డి ఎయ్యనియ్యలే. నర్సంపేట నుంచి లారీల గడ్డి తెప్పిచ్చుకున్నడు. 'ఫారం గడ్డి మన కొట్టంల ఒక్క పోస పడొద్దురా' అన్నడు. కొట్టం ఊడ్సింది నేనే. నాకు తెలువాలె. నేను ఇచారించలే." అతను చేతులు చూసుకున్నాడు. "కాలవెట్టుడు కాదు. ఎవల గడ్డి వాళ్ళ కంచెల ఎయ్యాలె. గోతిల పాతాలె."

"మనమెందుకు మోస్తం?" అంది కట్టమ్మ. "పంచినోడే మొయ్యాలె."

*

మరుసటి శిబిరం రోజున జీపు గడి ముందు ఆగేసరికి వరుస కట్టిన ఆడవాళ్ళు లేరు. నాలుగు వందల మంది గుంపు ఉంది. చుట్టుపక్కల మూడు ఊళ్ళ కూలీలు వచ్చారు. నెక్కొండ స్టేషన్ హమాలీలు వచ్చారు. హన్మకొండ నుంచి ఇరవై మంది విద్యార్థులు వచ్చారు. జీపు వెనక్కి తిరిగేలోపు బండ్లు అడ్డం పెట్టారు.

రంగారావు దొర మెట్ల మీదికి వచ్చాడు. "ఏందిరా ఈ మంద? ఉప్పలయ్యా, ఎల్లగొట్టు వీళ్ళను!"

ఉప్పలయ్య కదల్లేదు. బాంచెన్ అనలేదు. దొర మళ్ళీ పిలిచాడు. మళ్ళీ కదల్లేదు. ఆ కదలకపోవడాన్ని నాలుగు వందల మంది చూశారు.

అనసూర్య గట్టు మీద ఎక్కి ఉత్తరం చదివింది. బోరు సంగతి వచ్చినప్పుడు దొర మొహం నల్లబడింది. డాక్టర్ వెంకటేశ్వర్లు మాత్రం తొణకలేదు. చేతులెత్తి మెత్తగా మొదలుపెట్టాడు. "అమ్మలారా, అయ్యలారా, ఇది సైన్సు. ఈ అమ్మాయి మా మీద కోపంతో పని మానేసి మిమ్మల్ని భయపెడుతోంది. మీ పాలలో ఏమీ లేదు."

కట్టమ్మ వాడ బర్రెల పాలు పిండిన ముంతతో ముందుకొచ్చింది. గిలాసలో పాలు పోసి చేతికిచ్చింది. "ఏం లేకుంటె తాగు సారూ."

అనసూర్యకు ఇదే భయం. కిందటి రోజే కట్టమ్మకు చెప్పింది: వాడు తాగుతాడు, ఒక్క గిలాసతో ఏమీ కాదని వాడికి తెలుసు, తాగితే మనం ఓడిపోతాం. కట్టమ్మ ఒకటే అంది. "తాగనియ్యి."

డాక్టర్ గిలాస ఎత్తి గటగటా తాగాడు. రుమాలుతో మూతి తుడుచుకున్నాడు. గుంపులో గుసగుస లేచింది. దొర పెద్దగా నవ్వాడు. "చూసిన్రా? ఇగ పోండ్రి ఇండ్లకు!"

కట్టమ్మ మళ్ళీ గిలాస నింపింది. "ఇది రేపటిది సారూ. గీ ముంతంత ఎల్లుండిది. రెండేండ్లు తాగాలె, రోజూ. మా వాడల ఒక ఇల్లు ఖాళీ జేసి పెట్టినం. మీ ఇంటామెను తోలుకరా. మీకు మనుమరాలు ఉన్నదట గదా, మూడేండ్లది. దానికి ముందుగాల పోద్దాం. ఇప్పుడే జీపు పంపు, తోలుకరమ్మను."

"పిల్లల సంగతి వేరు!" అన్నాడు డాక్టర్. అప్రయత్నంగా, తరగతిలో తప్పు దిద్దే గొంతుతో. "ఎదిగే ఎముకలు పెద్దవాళ్ళకంటే ఎన్నో రెట్లు పట్టుకుంటాయి. పసిపిల్లలకు ఈ పాలు పట్టించకూడ..."

అక్కడ ఆగిపోయాడు.

ఆ మాట గుంపు చివరిదాకా పాకడానికి కొంచెం సేపు పట్టింది. ముందున్న వాళ్ళు వెనక వాళ్ళకు చెప్పారు. వెనక వాళ్ళు మళ్ళీ చెప్పించుకున్నారు. ఆ తర్వాత మొగిలమ్మ తన పిల్లను ఎత్తుకొని డాక్టర్ ఎదుటికి వచ్చింది.

"నా బిడ్డ బరువెంత సారూ?"

అతను చెప్పలేదు. తెలుసని మొహంలో కనిపించింది.

"నా బిడ్డ పేరేంది సారూ?"

అతనికి తెలియదు.

"సారక్క!" అంది మొగిలమ్మ. "సారక్క దీని పేరు! యాదిపెట్టుకో!"

గుంపు కట్టలు తెంచుకుంది. ఎల్లస్వామి డాక్టర్ కాలరు పట్టుకున్నాడు. పదిమంది దొరను మెట్ల మీదినుంచి కిందికి లాగారు. ఎవరి చేతిలోనో కొడవలి మెరిసింది. అనసూర్య ఆ కొడవలిని చూసింది. ఆపాలని ఆమెకు అనిపించలేదు. కొలవడం నేరమా అని అడిగిన ఆ మెత్తటి గొంతు ఒక్కసారి బెదిరి అరవాలని, ఆ అరుపు తాను వినాలని ఆమెకు కోరికగా ఉంది. ఆ కోరికకు ఆమె సిగ్గుపడలేదు.

ఆపింది కట్టమ్మే. "కొట్టకున్రి! సావు ఒక్క గడియల అయిపోతది. మొయ్యనియ్యిరి!"

ఆ రోజు గుండ్లవాయిలో ఎవరూ పనికి పోలేదు. ఎండలో, వాడలోని ఇరవై మూడు కొట్టాల్లోని ఫారం గడ్డిని ఇద్దరు మనుషులు మోపులు కట్టి నెత్తి మీద మోశారు. ఒకరు రంగారావు దొర. తన జీవితంలో నెత్తి మీద ఏ బరువూ మోసిన వాడు కాదు. మోపు జారితే పిల్లలు నవ్వారు. జారిన ప్రతిసారీ పెద్దవాళ్ళు ఆగి, ఏరించి, మళ్ళీ ఎత్తించారు. రెండోవాడు డాక్టర్.

మొదటి మోపు దగ్గరే అతను చేతులు జోడించాడు. "తొడుగులు... జీపులో తొడుగులు ఉన్నాయి. ఒక్కసారి వేసుకోనివ్వండి."

"మాకిచ్చినవా?" అన్నాడు ఉప్పలయ్య.

అంతే. వట్టి చేతులతోనే మోశాడు. మోసిన గడ్డినంతా ఫారం కంచెలోపలి గోతిలో వేయించారు, మట్టి కప్పించారు. ఆ తర్వాత గుంపు గడి వెనక్కి పోయి దొర కొట్టంలోని నర్సంపేట గడ్డిని బండ్లకెత్తి వాడ బర్రెల ముందు వేసింది. కొట్టం తలుపు తీసింది ఉప్పలయ్యే.

చివరికి ఇద్దరినీ త్రాసు దగ్గర కూర్చోబెట్టారు. ఊరంతా చూస్తుండగా చెరో బుడ్డి చేతికిచ్చారు. దొర ఏడ్చాడు. అయినా లేవనివ్వలేదు. బుడ్డీలు నిండాక అనసూర్య రెండు చీటీలు రాసి అంటించింది. అంకెలు వేయలేదు. పేర్లు, తండ్రి పేర్లు, ఊళ్ళు, పూర్తిగా రాసింది.

*

మూడో రోజు పొద్దున్నే రెండు వ్యాన్ల పోలీసులు దిగారు. రిజిస్టరు ఎక్కడుందని ఇల్లిల్లూ చెరిగారు. అప్పటికే విద్యార్థులు దాని నకళ్ళు హన్మకొండ కాలేజీ గోడల నిండా అంటించారు. దొరకకపోయేసరికి కుండలు పగలగొట్టారు, గడప గడపకూ లాఠీ తిప్పారు. అనసూర్యనూ ఎల్లస్వామినీ సంకెళ్ళు వేసి వ్యాను ఎక్కించారు.

"మీ గడ్డి దోచిందెవరు?" అని ఇన్‌స్పెక్టర్ అడిగితే దొర ఉప్పలయ్యను చూపించాడు. "నా ఇంట్ల ముప్పై ఏండ్లు కూడు తిన్నడు. వీడే తలుపు తీసిండు."

"ముప్పై ఏండ్లు నీ చాకిరి జేసిన. ఊకనే పెట్టలే కూడు" అన్నాడు ఉప్పలయ్య.

లాఠీ చెవి పక్కన పడింది. రెండోది నడుం మీద. కిందపడ్డాక కూడా కొట్టారు. అనసూర్య వ్యాను ఊచల్లోంచి ప్రతి దెబ్బా చూసింది, లెక్కపెట్టింది. పదకొండు. ఆ పదకొండుకు ఏ లెక్కల మిషనూ అక్కరలేదు. కొట్టిందెవరో, పడిందెవరో అందరికీ తెలుసు. ఉప్పలయ్య దవాఖానకు చేరలేదు, దారిలోనే పోయాడు.

శవాన్ని ఇస్తే గొడవవుతుందని ఇవ్వనన్నారు. కట్టమ్మ నెక్కొండ రైలు పట్టాల మీద కూర్చుంది. ఆమె వెనక వాడంతా కూర్చుంది. డోర్నకల్ నుంచి వచ్చిన గూడ్సు డ్రైవరు సంగతి విని ఇంజను ఆపి తానూ దిగి కూర్చున్నాడు. సాయంత్రానికి శవాన్ని ఇచ్చారు. ఉప్పలయ్యను ఫారం గేటుకు సరిగ్గా ఎదురుగా, జీపు దారికి నడుమ పాతిపెట్టారు. ఆ తర్వాత ఆ గేటు తెరుచుకోలేదు. దొర పట్నం పారిపోయాడు.

*

నెలన్నరకు కేసు కోర్టుకు వచ్చింది. వరంగల్ కోర్టు ఆవరణ నిండిపోయింది. కొత్తవాడ నేతపనివాళ్ళు వచ్చారు. వాళ్ళలో మార్కండేయులు ఉన్నాడు. మిల్లు కార్మికులు, విద్యార్థులు, గుండ్లవాయి ఆడవాళ్ళు వచ్చారు. గుమాస్తా నేరారోపణ ఇంగ్లీషులో చదివాడు. బోనులో ఎల్లస్వామి పక్కన నిలబడ్డ అనసూర్య శ్రద్ధగా విన్నది. విన్నకొద్దీ ఆమె కళ్ళు వెడల్పయ్యాయి.

"అర్థమైందా?" అని అడిగాడు మేజిస్ట్రేటు.

"అయింది సార్. కానీ మా వాళ్ళకు ఇంగ్లీషు రాదు. తెలుగులో చెప్పమంటారా?"

అనుమతి కోసం ఆగలేదు. కిటికీల దగ్గర కిక్కిరిసిన జనం వైపు తిరిగి గొంతెత్తింది.

"మా మీద హత్యాయత్నం కేసు పెట్టిన్రు! డాక్టర్ వెంకటేశ్వర్లు గారిని గుండ్లవాయి పాలు ఒక్క గిలాస తాగిచ్చినమట. ఆ పాలల్ల మనిషి పాణం దీసే విషమున్నదని సర్కారే రాసింది! ఫిర్యాదు మీద డాక్టర్ గారే సంతకం పెట్టిండు!" మేజిస్ట్రేటు వైపు తిరిగింది. "సార్, ఒక్క గిలాస తాగిస్తే హత్యాయత్నం. అవే పాలు మా పిల్లలకు రెండేళ్ళు తాగించిన్రు. అది ఏ సెక్షను? ఆ కేసు ఎక్కడ పెట్టిన్రు? నంబరు చెప్పండి."

మేజిస్ట్రేటు బల్ల మీద కొట్టాడు. కూర్చోమన్నాడు. కిటికీ దగ్గర ఎవరో అన్నారు, "నంబరు చెప్పు!" ఇంకొకరు అన్నారు. తర్వాత ఆవరణ అంతా అదే మాట. "నంబరు చెప్పు! నంబరు చెప్పు!" పోలీసులు తలుపులు మూశారు. తలుపుల్లోంచీ వినబడింది. కేసు వాయిదా వేసి మేజిస్ట్రేటు లోపలి గదిలోకి లేచిపోయాడు.

వ్యాను ఎక్కిస్తుంటే కట్టమ్మ పోలీసుల మోచేతుల కిందినుంచి దూరి ఊచల దగ్గరికి వచ్చింది. నుదుట బొట్టు లేదు. గొంతు తగ్గించలేదు.

"బిడ్డా, డోర్నకల్ అవుతల ఇంకో ఫారం పెట్టిన్రట. నిన్న జీపు పోయిందట అక్కడికి. అక్కడ మేకలట. మేక పాలల్లకు గూడ వస్తదా?"

"వస్తది పెద్దమ్మా. బర్రె కంటె మేకల ఎక్కువ వస్తది."

"గడ్డి ఎవలు పంచుతాన్రు, ఎవల మేకలు తింటాన్రు, పిల్లలెందరు. ఇంతే గదా అడగవలసింది?"

"పేర్లు రాయించు. అంకెలు కాదు, పేర్లు. చిన్న పిల్లల నుంచి మొదలుపెట్టు."

"రాయిస్త. ఈసారి వాళ్ళు కొలిచేదాక ఆగం."

వ్యాను కదిలింది. ఊచల్లోంచి అనసూర్యకు కట్టమ్మ వీపు కనబడింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. డోర్నకల్ పోయే పాసింజరుకు టైమవుతోంది. మొగిలమ్మ పిల్లను చంకన వేసుకుంది. నలభై మంది ఆడవాళ్ళు కొంగులు నడుముకు దోపుకొని, రోడ్డు వెడల్పంతా పరుచుకొని, స్టేషన్ వైపు నడుస్తున్నారు. వాళ్ళను తప్పించుకొని పోవడానికి దారి లేక పోలీసు వ్యాను హారన్ కొట్టుకుంటూ వాళ్ళ వెనకే నెమ్మదిగా పోయింది.